రంగులు విడివిడిగా దాచిన సారు

నవంబరు, రెండో శుక్రవారం. పొద్దున చల్లగా ఉంది. రాత్రి నాలుగు చినుకులు పడి, రియాద్ శివారు సులైలో రోడ్ల మీద దుమ్ము అణిగింది. గదిలో ఏసీ జాలీ ఊడదీసి, కడిగి, మేడ మీద ఎండకు నిలబెట్టాను. కిందికి దిగేసరికి ఫోను. స్టోరు సారు పోయారు.

నా రోజు పుస్తకంలో ఆ రోజుకు ఇంతే ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా రోజూ నాలుగు వాక్యాలు రాసుకుంటున్నాను: ఏ పని చేశాను, స్టోరులోకి ఏ సామాను వచ్చింది, ఎండ ఎలా ఉంది. అంతకు మించి రాయడం తెలియదు. కానీ సారు సంగతి నాలుగు వాక్యాల్లో పట్టదు. ఆయన్ని ఎరిగినవాళ్ళు చాలామంది ఈ దేశం విడిచి వెళ్ళిపోయారు. ఎరగనివాళ్ళకైనా చెప్పాలని కూర్చున్నాను.

ఫోను చేసింది ఆయన భార్య. మేము అమ్మగారు అంటాం.

"నిన్న సాయంత్రం బాబూ. బాధేమీ పడలేదు. టీ తాగి కుర్చీలో వెనక్కి వాలారు, అంతే" అన్నారు. తర్వాత ఆవిడే అన్నారు: "ఆ పెట్టె తెరిచావా? వారానికోసారి అడిగేవారు, వాడు తెరిచాడో లేదో అని. నేను అడగనా అంటే వద్దనేవారు."

తెరవలేదు. సారు ఈ మార్చిలో ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, కాకినాడ వెళ్ళిపోతూ ఒక అట్టపెట్టె నాకు ఇచ్చారు. "తీరిగ్గా చూడు" అన్నారు. దానిలో ఏముందో నాకు తెలుసు అనుకున్నాను. పాత కెమెరా, కొన్ని డిస్కులు. వాటిని చదివే యంత్రం కాలిపోయి పాతికేళ్ళు. చూసేదేముంది? స్టోరులో పై అరమీద, కంప్రెసర్ల పక్కన పెట్టాను. ఎనిమిది నెలలు అది అక్కడే ఉంది.

ముందు ఆ యంత్రం సంగతి చెప్పాలి.

జగిత్యాల దగ్గరి ఊరు మాది. ఇరవై మూడేళ్ళ వయసులో సులైలోని ఒక ఏసీ మెయింటెనెన్స్ కంపెనీకి హెల్పరుగా వచ్చాను. సారు అక్కడ స్టోరుకీపరు. అంతకు ముందు ధహ్రాన్‌లో మీటర్లు, గేజీలు సరిచేసే టెక్నీషియనుగా చేశారట. అక్కడ విదేశీయులుండే కాంపౌండులో ఒక తెల్ల ఇంజినీరు దేశం వదిలి వెళ్తూ ఇంటి సామాను వాకిట్లో పెట్టి అమ్ముతుంటే, అందరూ ఫ్రిజ్జులూ సోఫాలూ చూస్తే, ఈయన ఒక కంప్యూటరు కొనుక్కొచ్చారు. ఇళ్ళలోకి కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఇప్పటిలా పెట్టె వేరు, తెర వేరు కాదు. లావుపాటి కీబోర్డులోనే అంతా ఉండేది. పక్కన ఫ్లాపీ డిస్కు పెట్టే సందు. టీవీకి తగిలిస్తే బొమ్మ వచ్చేది.

దాంతోపాటు అరచేతి వెడల్పు పెట్టె ఒకటి వచ్చింది. కెమెరా చూసినదాన్ని కంప్యూటరుకు అర్థమయ్యే అంకెలుగా మార్చడం దాని పని. కెమెరాను సారు తుక్కులోంచి తెచ్చుకున్నారు, ఏదో ఆఫీసు గుమ్మానికి కాపలా ఉండి రిటైరయిన నలుపు తెలుపు కెమెరా. దాన్ని స్టాండుకు కిందికి చూసేలా బిగించి, కింద ఫోటో పరిచి, అటూ ఇటూ రెండు దీపాలు పెట్టేవారు. కెమెరా కంటి ముందు ఆయన చేతిపని ఒకటి ఉండేది: అట్టతో కోసిన చక్రం, దానికి మూడు కిటికీలు. ఒకదానికి ఎర్ర కాగితం, ఒకదానికి ఆకుపచ్చ, ఒకదానికి నీలం. మొదట మిఠాయి పొట్లాల మీది మెరుపు కాగితం అతికించి చూశారట, మనుషులంతా కామెర్లు వచ్చినట్టు కనిపించారట. తర్వాత బత్తా బజారులో ఒక స్టూడియోవాణ్ణి బతిమాలి అసలువి తెచ్చారు.

కెమెరాకు రంగులు తెలియవు కాబట్టి ఒకే ఫోటోను మూడుసార్లు దించాలి. ఎర్ర కిటికీలోంచి ఒకసారి, చక్రం తిప్పి ఆకుపచ్చలోంచి, మళ్ళీ తిప్పి నీలంలోంచి. ఒక్కోసారికి అర నిమిషం పైనే. టీవీ తెర మీద బొమ్మ ఎడమ నుంచి కుడికి, చాప పరుస్తున్నట్టు మెల్లగా వచ్చేది. చివరికి మూడూ కలిస్తే రంగు బొమ్మ. ఈలోగా బల్ల వెంట్రుకవాసి కదిలినా ముక్కుకు పక్కన ఇంకో ఎర్ర ముక్కు వస్తుంది. కిటికీలో ఏసీ నడిస్తే బల్ల అదురుతుంది. అందుకని ఏసీ ఆపేవాళ్ళం. రియాద్ వేసవిలో, తలుపులు వేసిన గదిలో, రెండు దీపాల పక్కన, ఊపిరి బిగబట్టి ఏడెనిమిది మందిమి. ఏసీలు బాగుచేసేవాళ్ళమే అందరం.

శుక్రవారం సెలవు. భోజనాలయ్యాక సారు గది ముందు చెప్పులు పేరుకునేవి. ఉత్తరాల్లో వచ్చిన ఫోటోలు పట్టుకుని వచ్చేవాళ్ళు. పనిలో చెమటకీ, పెట్టెల్లో వేడికీ ఆ ఫోటోలు రెండేళ్ళకల్లా అంటుకుపోయి పాడయ్యేవి. డిస్కులో ఉంటే పాడవదని సారు చెప్పారు. కానీ అసలు ఆశ అది కాదు. జేబులో పట్టేంత ఫోటోలోని మనిషి టీవీ అంత పెద్దగా కనిపిస్తుంది. దానికోసం ఉడికిపోవడానికి సిద్ధపడేవాళ్ళు.

ఆ గదికి ఒక కట్టడి ఉండేది. ఆడమనిషి ఫోటో బల్ల మీదికి వచ్చిందంటే సారు "తిరగండయ్యా" అనేవారు. తెచ్చినవాడు తప్ప మిగతా అందరం గోడవైపు తిరిగి నిలబడేవాళ్ళం. సారు కూడా చక్రం తిప్పడానికి చెయ్యి మాత్రం చాచి, ముఖం పక్కకు పెట్టుకునేవారు. ఆ మూడు నిమిషాలు తెరను చూసే హక్కు ఒక్కడిదే. వెనక నుంచి ఒక్కోసారి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించేది. ఎవరూ తిరిగేవాళ్ళం కాదు. గోడ మీద పెచ్చు ఊడిన చోటు నాకు ఇప్పటికీ గుర్తే.

నిర్మల్ వైపునుంచి వచ్చిన గంగారాం అని ఎలక్ట్రీషియను ఉండేవాడు. పెళ్ళయిన నెలకే విమానం ఎక్కాడు. భార్య ఫోటో పట్టుకుని వచ్చి, "సార్, నన్ను గూడ ఆమె పక్కకు నిలబెట్టరాదుండ్రి. కంప్యూటర్ల గాదా, ఏదన్న చెయ్యొచ్చంటరు గదా" అన్నాడు.

"ఈ ఫోటోలో నువ్వున్నావా?" అన్నారు సారు.

"యాడుంట సార్? గప్పుడు ఈడ్నే ఛతు మీద ఏసీల గ్యాసు నింపుతున్న."

"మరి నేనెక్కణ్ణుంచి తేనయ్యా నిన్ను? వెకేషన్‌కి వెళ్ళు. ఆవిడ పక్కన నిలబడి తీయించుకో. అప్పుడు తే, ఇద్దర్నీ కలిపి దించుతా."

"గోడకు తిరిగినోల్లు నవ్వకుండ్రి" అన్నాడు గంగారాం మావైపు. రెండేళ్ళకు వాడు నిజంగానే ముగ్గురున్న ఫోటో పట్టుకొచ్చాడు. ఆ రోజు సారు ఎవర్నీ తిరగమనలేదు. గంగారామే "సూడుండ్రి, అందరు సూడుండ్రి" అని గొడవ చేశాడు.

సారుకు కొన్ని అలవాట్లుండేవి. పనికి కూర్చునే ముందు నుదుటికి చేతిరుమాలు బిగించి కట్టుకునేవారు, చెమట చుక్క ఫోటో మీద పడకుండా. డిస్కు మీద పెన్సిలుతో పేరు రాసేవారు. తెచ్చినవాడి పేరు కాదు, బొమ్మలో ఉన్నవాళ్ళ పేరు. "తెచ్చినవాడు ఎలాగూ ఎదురుగా ఉన్నాడు కదా" అనేవారు. ఇంకొకటి, మూడు రంగుల దింపుళ్ళనూ కలిపేసి ఊరుకోకుండా, మూడింటినీ విడివిడిగా కూడా డిస్కులో దాచేవారు. చోటు దండగ, ఎందుకు సార్ అని ఒకసారి అడిగాను. "కలపడం ఎప్పుడైనా కలపొచ్చు. కలిపాక విడదీయడం ఎవడి తరం?" అన్నారు.

నేను ఆరో తరగతి దాకా చదివాను. ఇంగ్లీషు రాదని స్టోరులో సామాను తప్పు తెస్తుంటే సారు ఒకరోజు అరల ముందు నిలబెట్టి, "ఇదంతా పుస్తకమేనయ్యా. పెట్టె పెట్టెకీ ఏదో రాసి ఉంది. రోజుకు ఒక పెట్టె చదువు" అన్నారు. అలాగే చదివాను. రోజు పుస్తకం కూడా ఆయన పెట్టిన అలవాటే. "గుర్తుంటుందిలే అనుకున్నదే ముందు మరిచిపోతాం" అని ఒక పాత రిజిస్టరు ఇచ్చారు.

నా దగ్గర ఒక్క ఫోటోనే ఉండేది, మా అమ్మది. ఆమె జీవితంలో ఒక్కసారే ఫోటో దిగింది, మా అక్క పెళ్ళిలో. ఆ మరుసటి ఏడు వానాకాలంలో జ్వరం వచ్చి పోయింది. నాకప్పుడు పదిహేడేళ్ళు. ఆ ఫోటో ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఇక్కడికి తెచ్చుకున్నాను.

వచ్చిన ఏడాదికి దాన్ని సారు దగ్గరికి తీసుకెళ్ళాను. "పేరేంటి?" అన్నారు. నర్సవ్వ అన్నాను. అమ్మ పేరు నోటితో అని ఎన్నేళ్ళయిందో. ఫోటో కొంచెం ముడుచుకుని ఉంది. చదునుగా ఉండాలని సారు ఎప్పటిలాగే దాని మీద గాజుపలక పెట్టారు. దీపాలు, చక్రం, మూడు దింపుళ్ళు. అమ్మ టీవీలోకి వచ్చింది. నేను చూశాను. మిగతావాళ్ళు గోడవైపు ఉన్నారు.

గాజుపలక ఎత్తేసరికి ఫోటో దానితోపాటే లేచింది. కవరులో చెమ్మ ఉన్నట్టుంది, దీపాల వేడికి గాజుకు కరుచుకుపోయింది. సారు మెల్లగా, గోటితో, చాలాసేపు తీశారు. కాగితం వచ్చింది. ముఖం గాజు మీద ఉండిపోయింది, అదీ ముక్కలుగా.

సారు నుదుటి రుమాలు విప్పారు. "నా తప్పు" అన్నారు. నాకు డిస్కు ఇచ్చారు. ఇక లోకంలో అమ్మ ముఖం ఉన్న చోటు అదొక్కటే.

తర్వాత నాలుగు శుక్రవారాలు సారు తలుపు తెరవలేదు. తలనొప్పి అన్నారు, రిపేరు అన్నారు. "ఏమైందుల్లా సారుకు? నీ ముచ్చటకేనా?" అని గంగారాం నన్ను నిలదీశాడు. మాటలు రాని మనిషిని నేను. అయినా అయిదో శుక్రవారం వెళ్ళి తలుపు తట్టాను.

"సార్, బాపురెడ్డి బిడ్డ ఫోటో అచ్చింది. దించరా?"

"వద్దయ్యా. ఇంకొకళ్ళది పాడు చేస్తాను."

"పలక పెట్టకుండ్రి సార్. అంచులు నేను పట్టుకుంట."

ఆయన లేచి చేతిరుమాలు నుదుటికి కట్టుకున్నారు. ఆ రోజు నుంచి గాజుపలక లేదు. నాలుగు మూలల్లో సన్నటి అట్టముక్కలు, అవి ఆనని ఫోటోలకు నా వేళ్ళు. దీపాలకు వేళ్ళు కాలేవి. ఆయన ప్రతిసారీ "కాలుతోందా?" అనేవారు, నేను ప్రతిసారీ లేదనేవాణ్ణి.

ఇక నా తప్పు చెప్పాలి. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు దసరాకు, పనికి బయల్దేరే ముందు, ఇక్కడ మన పూజలు బయటికి తెలియకూడదు కనుక, స్టోరులో తలుపు దగ్గరికి వేసుకుని చప్పుడు లేకుండా పనిముట్లకు పూజ చేసుకున్నాం. స్పానర్లకు, గేజీలకు, వెల్డింగు దీపానికి పసుపూ కుంకుమా పెట్టాం. సారు కెమెరాకు కూడా పెట్టాను. తర్వాత జేబులోంచి డిస్కు తీశాను. పోయినవాళ్ళ ఫోటోకు బొట్టు పెడతాం కదా. మా అమ్మ ముత్తయిదువగా పోయింది, ఆమె ఫోటోకు బొట్టు లేకుండా ఎలా? ఫోటో ఇప్పుడు ఇందులోనే ఉంది. మరి బొట్టు ఎక్కడ పెట్టాలి? పైన ఉన్నది ప్లాస్టిక్ చిప్ప, అది కవరు లాంటిదే. ఆలోచించి, ఇనుప మూత పక్కకు జరిపి, లోపల కనిపించే గోధుమరంగు పొర మీద తడి వేలితో కుంకుమ పెట్టాను. మూత దానంతటదే మూసుకుంది. దణ్ణం పెట్టుకున్నాను.

ఆ శుక్రవారం అమ్మను చూస్తానని అడిగాను. సారు డిస్కు యంత్రంలో పెట్టారు. ఇసుక మీద రేకు లాగినట్టు చప్పుడు వచ్చింది. వెంటనే బయటికి తీసి, మూత జరిపి చూశారు. వేలికి ఎరుపు అంటుకుంది.

"బొట్టు పెట్టావా?" అన్నారు.

"పెట్టిన సార్."

కోప్పడతారనుకున్నాను. ఆయన వేలి కొసను చూసుకుంటూ కూర్చున్నారు. "మంచి పనే చేశావు. చోటు అది కాదు, అంతే" అన్నారు. డిస్కు మళ్ళీ అడగలేదు నేను. ఆయనా దాని మాట ఎత్తలేదు. ఒకరం కాగితాన్ని పోగొట్టాం, ఒకరం డిస్కును పోగొట్టాం, ఇద్దరం సమానం అయ్యామని నేను అనుకున్నాను. తర్వాత ముప్పై ఏళ్ళు ఒకే స్టోరులో పక్కపక్కన పనిచేశాం.

కొన్నేళ్ళకు ఒక వేసవిలో కరెంటు ఎక్కువ వచ్చి కంప్యూటరు కాలిపోయింది. ఆ తర్వాత స్టూడియోలు మారాయి, ఫోన్లు వచ్చాయి. ఇప్పుడు మా క్యాంపులో అందరూ మంచాల మీద పడుకుని భార్యాపిల్లలతో బొమ్మ చూసుకుంటూ మాట్లాడతారు. దాని గురించి సారు ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. "మంచిదేగా. ఎవరికీ గోడవైపు తిరిగే పని లేదు" అని నవ్వేవారు.

అమ్మగారు ఫోను చేసిన రోజే స్టోరుకు వెళ్ళి పెట్టె దించాను. పైన కెమెరా, అట్టచక్రం. కింద డిస్కులు, ఒక్కోదాని మీద పెన్సిలుతో ఆడవాళ్ళ పేర్లు, పిల్లల పేర్లు. అడుగున ఒక కవరు. దాని మీద "నర్సవ్వ" అని ఉంది.

లోపల డిస్కు, దానికి చుట్టిన కాగితం. సారు అక్షరాలు. "చిప్ప విప్పి, లోపలి పొరను బ్యాటరీల్లో పోసే శుద్ధి నీళ్ళతో మూడుసార్లు కడిగాను. కుంకుమ పోయింది. గీత ఉంది. ఆరాక కొత్త చిప్పలో పెట్టాను. మన యంత్రం మళ్ళీ గీకుతుందేమోనని పెట్టి చూడలేదు. రంగులు విడివిడిగా ఉన్నాయి కనుక ఎంతో కొంత రావాలి." ఇది పెన్సిలుతో. దాని కింద నీలి సిరాతో: "జెద్దాలో ఒకరిని అడిగాను, చదవలేమన్నారు." దాని కింద నల్ల సిరాతో: "బత్తాలో పాత కంప్యూటర్లు బాగుచేసే షాపు మూసేశారు." ఇంకా కింద, వణికిన చేత్తో: "ఈమధ్య ఇలాంటివి చదివే చిన్న సర్క్యూట్ పలకలు వచ్చాయట. నాకు ఓపిక లేదు. నువ్వు ప్రయత్నించు. ముందే చెబితే ఆశ పెట్టుకుంటావని చెప్పలేదు."

నేను స్టోరు నేల మీద కూర్చున్నాను. ఏడ్చానని పుస్తకంలో రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను.

తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగితే ధహ్రాన్‌లో పనిచేసే ఒక ఇంజినీరు జవాబిచ్చాడు. గుంటూరు అబ్బాయి. పాత కంప్యూటర్లు బాగుచేయడం అతనికి సరదా. పోస్టులో పంపడం ఇష్టం లేక పెట్టె ఒళ్ళో పెట్టుకుని రైల్లో, ధహ్రాన్ పక్కనే ఉన్న దమ్మాం వెళ్ళాను. స్టేషను నుంచి కారులో తీసుకెళ్తుంటే గోడవైపు తిరిగే కట్టడి గురించి చెప్పాను. అతను నవ్వలేదు.

"అన్నా, ఒక్కసారే ట్రై చేద్దాం. ఎక్కువసార్లు తిప్పితే స్క్రాచ్ పెద్దదవుద్ది. ఉన్నది ఉన్నట్టు కాపీ చేసేసి, డిస్క్ పక్కన పెట్టేద్దాం. మిగతాదంతా కాపీ మీదే."

డిస్కు తిరగడం మొదలైంది. నేను చప్పుడు వింటున్నాను. ఇసుక చప్పుడు రాలేదు. ఒకచోట టిక్ టిక్‌మని తడబడింది, మళ్ళీ సాగింది. ముప్పై ఏళ్ళ కిందట కడిగినది ఎంత శుభ్రంగా ఉందో అని అతనే అన్నాడు.

"ఫస్ట్ ఫైల్ రెడ్, ఫుల్‌గా వచ్చింది. గ్రీన్ కూడా ఓకే. బ్లూ... సారీ అన్నా. స్క్రాచ్ కరెక్ట్‌గా దాని మీదే పడింది. కలిపేసిన ఫైల్ కూడా పోయింది. ఈ రెండిటితో కలిపి చూపించనా?"

చూపించమన్నాను. అతను బటన్ నొక్కి, కుర్చీ తిప్పుకుని గోడవైపు కూర్చున్నాడు.

"పర్వాలేదు, చూడు బాబూ. మా అమ్మనే" అన్నాను.

"ముందు మీరు చూడండన్నా. రూల్ రూలే."

ఒక మనిషి నిలబడి ఉంది. ముఖం పసుపుపచ్చగా, దగ్గరికి వెళ్తే గళ్ళుగళ్ళుగా. చీర బొగ్గులా ఉంది. నేను చాలాసేపు చూశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఇది మా అమ్మేనా అని నాకు నమ్మకం కలగలేదు. ముఖం గుర్తుందనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. నిజానికి గుర్తున్నది ఆ పాత ఫోటో, అదీ సగమే. కంటితో చూసి చెప్పగలిగిన మనిషి మా అక్క ఒక్కతే మిగిలింది. ఆమె కాదంటే?

ఇంజినీరు మిగతా డిస్కులు ఉంచుకున్నాడు. ఒక్కొక్కటే కాపీ తీస్తున్నాడు. బొమ్మలు తెరవడు. పేరు చూసి నాకు పంపిస్తాడు, నేను వాళ్ళ మనుషుల్ని వెతికి పంపిస్తాను. మొదట దొరికినవాడు గంగారాం. ఊళ్ళో ట్రాక్టరు నడుపుతున్నాడు. "నా పెండ్లాం గింత సన్నగుండెనా! ఆమెకు సూపిస్తే నన్ను తంతది" అని ఫోనులో అరిచాడు. సారు పోయారని చెప్తే, "మల్ల గోడకు తిరగాలె మనం" అన్నాడు. ఇప్పటికి పదకొండు మంది ఇళ్ళకు బొమ్మలు చేరాయి. వాళ్ళలో ఇద్దరికి ఆ మనుషుల ఫోటో ఇంకెక్కడా లేదు.

అమ్మ బొమ్మ మాత్రం రెండు వారాలు నా ఫోనులోనే ఉంచుకున్నాను. ఈ రోజు పంపాను. ఈ రోజు పుస్తకంలో రాయవలసింది ఇక్కడే రాసేస్తున్నాను.

డిసెంబరు, మొదటి శుక్రవారం. గాలి, చలి. సెలవైనా స్టోరులో, క్యాంపుకు దుప్పట్లు వచ్చిన పెట్టెలు విప్పి లెక్క చూసుకున్నాను. మధ్యాహ్నం అక్కకు బొమ్మ పంపాను. పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఆమే వీడియో కాల్ చేసింది. కోడలి ఫోను, ముఖం సగమే కనిపిస్తోంది.

"ఏందిరా తమ్మీ ఇది?" అంది.

"అమ్మనేనా అక్కా?"

"అమ్మ గాక ఎవ్వలురా! గా నిలవడుడు సూడు, ఫోటో తీసెటోని మీద కోపానికొచ్చినట్టు. నెత్తి మీద కొంగు తియ్యమన్నడని తిట్టింది ఆన్ని. అమ్మనే." అక్క కళ్ళు తుడుచుకుంది, వెంటనే గొంతు మారింది. "గని చీర నల్లగ జేసినవేందిరా? నా పెండ్లికి అమ్మ నల్లచీర కడ్తదా? మీ కంప్యూటర్ల పాడుగాను!"

"ఒక రంగు పోయిందక్కా. రాలేదు."

"పోవుడేంది? ఉండు. ఫోను వెట్టకు."

ఫోనును మంచం మీద వెల్లకిలా పెట్టి వెళ్ళింది. నాకు తెర మీద వాళ్ళ ఇంటి కప్పు, తిరగని ఫ్యాను. ఇనుప పెట్టె మూత లేపిన చప్పుడు. ఏవో కింద పడేస్తోంది, తనలో తను గొణుక్కుంటోంది. "బొంతల కుట్టిన... అమ్మయి మూడు చీరెలు గిండ్లనే ఉన్నయి... పైన తెల్లవడ్డది... గీ కుట్టు ఇప్పితె..." దారం పటుక్కున తెగింది.

అక్క ముఖం మళ్ళీ కనిపించలేదు. బొంత మడత లోపల, నలభై ఏళ్ళుగా ఎండ తగలని అంగుళం గుడ్డను తెచ్చి ఫోను కంటికి దగ్గరగా పట్టింది. నా చేతిలోని తెర అంచు నుంచి అంచుదాకా నీలం అయింది.

"కనవడ్తుందా?" అంటోంది అక్క. "ఏ, తమ్మీ, కనవడ్తుందా?"